నాలుగు బై పద్నాలుగు

మిర్చి యార్డులో నా పని తూకం.
టిక్కీ కాటా మీద పడ్డాక
అంకె నిలిచేదాకా ఊరుకోవడం,
నిలిచాక రాయడం.
ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన ఓర్పు అంతే.

ఇంటికి రాగానే నేరుగా బాత్రూంలోకి.
చొక్కా బకెట్లో, సబ్బు రెండుసార్లు, ముక్కులో కూడా నీళ్లు.
ఘాటు పోయాకే లోహిత గది.
తలుపు తట్టను. గోటితో రెండుసార్లు గీకుతాను.
అది మా ఒప్పందం.

పదిహేనేళ్లు నిండాయి. టెన్త్.
జూన్‌లో పదకొండు రోజులు వెళ్లింది, జులైలో నాలుగు.
ఆగస్టులో యూనిఫాం ఇస్త్రీ మడత విప్పలేదు.
వాళ్లమ్మ కాలరు వెనక లేబులు కత్తిరించింది,
కుట్లు విప్పి మెత్తటి దారంతో మళ్లీ కుట్టింది.
"బట్ట కాదమ్మా, బెల్లు" అంది లోహిత.
కాసేపాగి,
"బెల్లు కూడా కాదు. మోగబోతోందని తెలియడం."

దానికి కత్తెర ఎక్కడ పెట్టాలి?

అరండల్‌పేట డాక్టరమ్మ మూడు గంటలు
బొమ్మలు పేర్పించి, ప్రశ్నలడిగి
"కావచ్చు" అంది. "ఇంకా చూడాలి."
మా అమ్మకి కావచ్చు అనే మాట మీద నమ్మకం లేదు.
ఏడు ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది.
ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క.
వచ్చింది. ఇల్లంతా వచ్చింది.
పిల్ల ముక్కు కాదు, చెవులు మూసుకుని
బీరువా పక్క సందులోకి దూరింది.
రోజుకి ఏడొందల టిక్కీలు చూసేవాణ్ణి
ఏడు కాయల పొగలో నిలబడిపోయాను.

బంధువులకి అన్నీ తెలుసు.
"రెండు తగిలిస్తే అదే పోద్ది."
ఒకసారి తగిలించాను కూడా.
ఆ రోజు పుస్తకంలో ఏమీ రాయలేదు.

పుస్తకమంటే కమిషన్ షాపు వాళ్లిచ్చిన ఎర్రట్ట చిట్టా.
పెన్సిలుతో రాస్తాను, చెరపడానికి వీలుగా.
మా ఇల్లు బ్రాడీపేట నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు.
బడి అదే లైనులో పద్నాలుగు.
ఈ పేటని ఎవరు గీశారో గాని గళ్ల కాగితంలా గీశారు.
ఊళ్లో లోహితకి నచ్చేది ఇదొక్కటే.
"లెక్క తప్పని చోట మనం తప్పిపోం నాన్నా."

సోమవారం, నాలుగు బై అయిదు.
బడ్డీకొట్టు దగ్గర బండి ఆపమంది. ఆపాను.
మంగళవారం, నాలుగు బై ఏడు.
బుధవారం మంచం.
గురువారం మంచం.
శుక్రవారం చెప్పులు వేసుకుంది, మళ్లీ విప్పింది.
దాన్నెలా రాయాలో తెలీక
"గడప" అని రాశాను.

బండి మీద తన గుప్పిట నా చొక్కాని పట్టుకుని ఉంటుంది.
ఒక్కో అడ్డరోడ్డుకీ ఎంత బిగుస్తుందో
నా వీపుకి తెలుసు, కాటా అక్కర్లేదు.

హెడ్మాస్టరు ఫోను:
"హాజరు ఇలాగే ఉంటే మేమేం చెయ్యలేం."
సరే సార్ అన్నాను,
తాలుకాయలు ఏరే ఆడవాళ్ల మధ్య నుంచుని.
తెల్లబారినవి ఒక కుప్ప, ఎర్రవి ఒక కుప్ప.
కబుర్లాడుకుంటూ, చూడకుండానే ఏరేస్తారు.
ఆ పూట అటు తల తిప్పలేకపోయాను.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం, ఇంకా ఆరు కాలేదు,
నా తలుపు ఎవరో గీకారు.
రెండుసార్లు.
"ఎవరూ లేనప్పుడు చూసొద్దామా?"

బండి వద్దంది. నడిచాం.
అయిదు, ఏడు, తొమ్మిది.
తడి వాకిళ్లు, పాల క్యాన్లు, ఇడ్లీ బండి మీద ఆవిరి.
పదకొండు దగ్గర ఆగి నా చొక్కా వాసన చూసింది.
"ఉతికిందేగా" అంది, తనకి తనే.
పద్నాలుగు.
గేటుకి తాళం.
చువ్వల మీద వేలు ఆనించి
ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చింది.
"పదిహేడు. ఒకటి వంగింది."
"ఏది?"
చూపించింది.
చాలాసేపు ఇద్దరం దాన్నే చూశాం.

తిరిగొస్తూ ఇడ్లీ అడిగింది, చట్నీ తగలకుండా.

బడి తెరిచాక ఏమవుతుందో నాకు తెలీదు.
పుస్తకం తీసి రాశాను:
ఆదివారం, నాలుగు బై పద్నాలుగు, నడక.
పెన్సిలు కనపడలేదు.
పెన్నుతోనే రాశాను.