బంతికి వేరే పని పడింది

ఆర్వో హౌటలా పోయాడని
డెలోరిస్ వచ్చి చెప్పినప్పుడు
నేను ఆసుపత్రి నేలమాళిగలో
తడి దుప్పట్లు పిండే యంత్రం ముందున్నాను.
"ఎవరు?" అన్నాను, స్పష్టంగా విన్నాక కూడా.
కొన్ని పేర్లను రెండోసారి చెప్పించుకుంటాం,
ఈలోగా మాట మారుతుందేమోనని.

ముప్ఫై ఒక్క వేసవులు
ఆ గొంతు మాతో పాటే రాత్రి డ్యూటీ చేసింది.
ఆవిరి గొట్టం పక్కన, మూడో కిటికీ అంచున తప్ప
రేడియో పలికేది కాదు.
అక్కడే తువ్వాలు పరిచి దానికి పీట వేశాం.
దులూత్ కొండ దిగువన హెరాన్స్ జట్టు ఓడిపోతూ ఉండేది,
మేం దిండు గలీబులు మడతపెడుతూ ఉండేవాళ్ళం.

ఆట కంటే ముందు సరస్సు సంగతి చెప్పేవాడు.
"ఇవాళ సుపీరియర్‌కి కోపం లేదు,
అలాగని మాట్లాడటమూ లేదు."
పొగమంచు మైదానంలోకి దిగితే,
"కుడి మూలన ఆడే కుర్రాడు కనిపించడం లేదు,
ఉన్నాడనే అనుకుందాం."
కిటికీలోంచి నడిచిపోయేవాళ్ళ చీలమండలు తప్ప
ఏమీ కనిపించని మాకు
బంతి ఎంత ఎత్తు లేచిందో
ఆయన ఊపిరి బిగబట్టడాన్ని బట్టే తెలిసేది.

ఒకే ఒక్కసారి చూశాను ఆయన్ని, చేపల కొట్లో.
పొట్లం అందుకుంటున్న కుడి చెయ్యి,
వేళ్ళు అల్లం కొమ్ములు.
పన్నెండేళ్ళు పిచర్లు విసిరిన బంతులన్నీ
ఆ కణుపుల్లో ఇంకా కాపురం ఉంటున్నాయి.
పలకరించలేదు.
నేనెవరో ఆయనకు తెలియదన్న సంగతి
నాకు తెలిసిపోతుందని భయం.

ఎవరి చేతిలోంచైనా బంతి జారితే
తప్పు అనే మాట ఆయన నోట రాదు.
"బంతికి వేరే పని పడింది" అంటాడు.
అక్కడితో సరి.

తనది మాత్రం వదిలేవాడు కాదు.
అరవై మూడు, సెప్టెంబరు ఎనిమిది,
ఆఖరి ఇన్నింగ్స్, నిట్టనిలువుగా లేచిన బంతి,
దాని కింద క్యాచర్‌గా తను.
అది జారింది. దానివెంటే కప్పూ జారింది.
ఏటా అదే రోజు, ఆట చప్పబడిన వేళ చూసుకుని
కథ ఎత్తుకునేవాడు.
ఒక ఏడు, ఎండ కళ్ళల్లో కొట్టింది.
ఒక ఏడు, సముద్రపు కాకి అడ్డొచ్చింది.
ఒక ఏడు, మూడో వరుసలో పసుపు టోపీ ఆవిడ
సరిగ్గా అప్పుడే తుమ్మింది.
డెలోరిస్ నవ్వి నవ్వి
ఉతికిన దుప్పటితోనే కళ్ళొత్తుకునేది.
ఈసారి నెపం ఎవరి మీదకని పందేలు కాసేవాళ్ళం.

కిందటి సెప్టెంబరు.
గొంతులో గరగర, మైకు పక్కన మాత్రల డబ్బా చప్పుడు.
నేను రైలు కూత మీద అర డాలరు కాశాను.
"ఎండ లేదు" అన్నాడు.
"పిట్టా లేదు. పసుపు టోపీ ఆవిణ్ణి పెళ్ళాడిన మాట నిజం,
అది తర్వాతి సంగతి.
బంతి సూటిగా నా దగ్గరికే వచ్చింది.
నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది.
జారవిడిచాను."

ఆపైన చాలాసేపు ఏమీ లేదు.
వేరుశనగలమ్మే కుర్రాడి కేక.
రేవులో ఎక్కడో ఓడ మూలుగు.
తర్వాత, "రెండు బంతులు, ఒక స్ట్రైక్" అని
ఆట అందుకున్నాడు.
పందెం డబ్బులు ఎవరూ తీసుకోలేదు.
సబ్బుల బీరువా మీద సీసాలో ఇప్పటికీ ఉన్నాయవి.

ఇప్పుడొచ్చిన అబ్బాయిది మంచి గొంతే.
లెక్కలన్నీ నోటికి వచ్చు. తప్పుని తప్పనే అంటాడు.

నిన్న రాత్రి, పనిలో చేరి వారమైనా కాని పిల్ల
ఇస్త్రీ అయిన దుప్పట్ల బండి మొత్తం
తడి నేల మీద బోర్లా వేసింది.
అందరూ నావంక చూశారు.
"దుప్పట్లకి..." అని మొదలెట్టింది డెలోరిస్,
ముందుకు సాగలేకపోయింది.
ఆ పిల్లకేం అర్థమవుతుంది పాపం.
ముగ్గురం వంగి ఏరుకున్నాం.