ఏ పెట్టెలో వెయ్యను?

తొంభై అయిదు. కేప్‌టౌన్‌లో చలికాలం.
కొండ మీది మబ్బు దుప్పటి లాగినకొద్దీ జారుతోంది.
నాకు ఇరవై మూడేళ్లు. చేతిలో కాగితాల కత్తి,
వేళ్లకు జిగురు, రోజుకు ఆరువందల కవర్లు.

"దేశానికి కొత్త రాజ్యాంగం, మీ మాటా రాయండి" అని
రేడియోలో అన్నారు, బస్సుల మీద రాశారు.
జనం నిజమనుకున్నారు.
రాశారు.

గోడ వారగా పదిహేడు అట్టపెట్టెలు.
భూమి. నీరు. భాష. ఉరిశిక్ష. పోలీసు. ఇంకా ఏవేవో.
చివరిది, ఇతరం, మధ్యాహ్నానికే నిండిపోతుంది.
అపోలిస్ గారు దాన్ని కాలితో పక్కకి తోసి
ఇంకొకటి తెప్పిస్తారు.

కామీస్‌క్రూన్ నుంచి సార్లీనా క్లూటె
మొక్కజొన్న పిండి సంచి చింపి దాని వెనక రాసింది:
"బావి గొర్రెలకి ఉంది, మాకు లేదు.
గొర్రెలెవరివో పేరు రాయను, పని పోతుంది."
నీటి పెట్టెలో వేశాను. మళ్లీ తీసి
భూమిలో వేశాను.
పిండి మాత్రం నా స్వెటర్‌కే అంటుకుంది.

జైలు నుంచి ఒకడు, సిగరెట్ కాగితం మీద చీమల బారు:
"ఉరి వద్దు. నా కోసం కాదు, నాకు పడింది ఏడేళ్లే.
పక్క గదిలో అతను రాత్రిళ్లు పాడతాడు."
అపింగ్టన్ కుర్రాడు: "శుక్రవారం బడి వద్దు."
ఒక పెద్దమనిషి టైపు చేయించి, మూడు నకళ్లు జతచేసి:
"రైలు వేళకు రావాలి. ఇది ప్రాథమిక హక్కు."

పై అంతస్తులో లాయర్లు.
బల్లల నిండా జర్మనీ, కెనడా, ఇండియా,
లావుపాటి పుస్తకాలు, అంచులకి రంగు చీటీలు.
టీ పట్టుకెళ్లినప్పుడు విన్నాను:
"మూలం చెప్పండి, ప్రతి వాక్యానికీ మూలం ఉండాలి."
ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాను.
కింద మూలాలు సంచుల్లో తడుస్తూ దిగుతున్నాయి,
కొన్నిటికి స్టాంపు కూడా లేదు.

ఆ మంగళవారం ఒక కవరు బరువుగా తగిలింది.
ఉత్తరం లేదు. పంపినవాడి పేరు లేదు.
లోపల పాసుపుస్తకం.

మీకు తెలియకపోవచ్చు.
పదహారు దాటిన నల్లవాడి జేబులో అది లేకపోతే
పుట్టిన దేశంలోనే జైలు.
అట్ట చెమటకి నున్నబడింది.
ముద్ర మీద ముద్ర. నెలనెలా యజమాని సంతకం.
ఒక్క నెల సంతకం లేదు,
ఆ నెల ఏమైందో తర్వాతి పేజీ చెప్పదు.
ఫోటో మాత్రం ఊడదీసి తన దగ్గరే ఉంచుకున్నాడు.
జిగురు మరక చదరంగా మిగిలింది.

"ఉత్తరం లేకుంటే నమోదు లేదు, నోన్సెబా,"
అన్నారు అపోలిస్ గారు.
అని, కళ్లజోడు తీసి తుడుచుకుని,
పెట్టుకోకుండానే వెళ్లిపోయారు.

రిజిస్టరులో నాలుగో గడి: సారాంశం, ఒక్క వాక్యంలో.
కలం మూత నమిలి నమిలి రాశాను,
"ఇది మళ్లీ వద్దు."
అయిదో గడి: ఏ పెట్టె?
అది ఖాళీగానే ఉంది, ఎవరైనా పోయి చూడొచ్చు.

తర్వాత పుస్తకం అచ్చయింది, జేబులో పట్టేంత.
మొదటి పేజీల్లోనే గౌరవం అన్న మాట.
అది ఏ దేశం నుంచి వచ్చిందో లాయర్లకి తెలుసు. ఉండనీ.
"చాలినంత నీరు" అన్నచోట వేలు పెడితే
నాకింకా పిండి తగులుతుంది.
రైళ్ల ఊసు ఎక్కడా లేదు. శుక్రవారం ఊసూ లేదు.

ఒకటి నాన్నకిచ్చాను.
రైల్వే గ్యాంగులో ముప్ఫై ఏళ్లు పట్టాలు మోసిన మనిషి,
పోలీసు కనబడితే ఇప్పటికీ ఆయన చెయ్యి
దానంతటదే కోటు లోపలి జేబుకి పోతుంది.
ఆ జేబులోనే పెట్టుకున్నాడు. సరిగ్గా పట్టింది.
మళ్లీ తీసి, ముందూ వెనకా తిరగేసి
అడిగాడు,
"మరి ఇందులో నా ఫోటో ఏది?"

అక్కర్లేదు నాన్నా, అన్నాను.
ఆయన ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు.