వంక

పీణ్యా రెండో ఫేజులో మా షెడ్డు.
బస్సు సీట్లు పోస్తాం, నీళ్ల ట్యాంకు మూతలు పోస్తాం,
ఒకసారి ఎవరిదో పార్కుకి ఏనుగును పోశాం,
తొండం మూడుసార్లు విరిగింది.
గాజునార పని.
స్నానం చేసి పడుకున్నా
మోచేతి మడతల్లో కనబడని ముళ్లు.
టేపు అంటించి పీకితే కొన్ని వస్తాయి.
మిగతావి నాతోనే నిద్రపోతాయి.

మిగిలిన గుడ్డతో గాలపుకర్ర చేస్తానన్నాను.
దస్తగిరి మేస్త్రి నవ్వలేదు.
"వెదురు దొరకదా నీకు?" అన్నాడంతే.
మర్నాడు తనే లేతు ముందు కూర్చుని
ఇనుప ఊచను ఎలుకతోకలా సన్నం చేసి తెచ్చాడు.

నాలుగు మూరల గుడ్డ, ఏటవాలుగా కోసి,
ఊచకి మైనం రాసి, గుడ్డకి రెసిన్ పట్టించి
బీడీ చుట్టినట్టు చుట్టాం.
పక్క షెడ్డు పెయింటు పొయ్యిలో
ఎవరివో గేట్ల మధ్య, ఓ రాత్రి దొంగగా కాల్చాం.
వాచ్‌మన్ శివనంజయ్యకి రెండు టీలు, ఒక బన్ను.

ఊచ లాగేస్తే
చేతిలో తేనెరంగు గొట్టం.
బల్బుకి అడ్డం పెడితే
వెలుతురు దాని లోపల నడిచింది.

ఒకవైపుకి ఒరుగుతోందని నా బాధ.
"వంక లేనిదేది?" అన్నాడు మేస్త్రి, దగ్గు మధ్య.
"అదెటుందో చూసుకుని రింగులు కట్టు."

రింగులంటే పిన్నీసుల చుట్లు.
కట్టిన దారం చిక్కపేటలో చీరలకి కుచ్చులు వేసే
జుబేదా ఇచ్చింది, వంకాయరంగు పట్టు.
పిడికి, బారు వెనక ఏరిన పదకొండు బిరడాలు,
ఒకటి ఇంకా ద్రాక్షవాసన.
కూరలబండి తక్కెట్లో పెడితే
కొత్తిమీర కట్టంత కూడా తూగలేదు.
కొన్నది దారం ఒక్కటే.

పంటినొప్పి వంకతో శనివారం సెలవు.
తావరెకెరె దాటి, బస్సు దిగి,
రెండు మైళ్లు నడిస్తే ఒక వంక.
దానికి పేరుందేమో, నాకెవరూ చెప్పలేదు.
మోకాలి లోతు, అడుగున గులకరాళ్లు,
బెంగళూరు ఇంకా దాన్ని కనిపెట్టలేదు.

మొదటి పురుగు తుమ్మకొమ్మకి.
రెండోది నా టోపీకి.
గేదెల పిల్లవాడొకడు వచ్చి
వానపామేదని కన్నడంలో అడిగాడు.
కొక్కేనికి చుట్టిన పుంజు ఈక చూపించాను.
"కోళ్లు పడతావా?" అన్నాడు.

షెడ్డులో ఎవరం ఆగం.
రెసిన్ గట్టిపడే లోపు పోయాలి, రుద్దాలి, పరుగెత్తాలి.
ఇక్కడ కర్ర ఆగమంటుంది.
దారం వెనక్కి పోయి, పూర్తిగా విచ్చుకుని,
గాలిలో ఒక్క క్షణం ఏ పనీ లేకుండా ఉండేదాకా
ఆగమంటుంది.
పదమూడేళ్లు గాజుతో బతికి
దానికింత నిదానం ఉందని నాకు తెలీదు.

మధ్యాహ్నం దాటాక, ఒక బేడిస.
నా చిటికెనవేలంత.
దానికే కర్ర పిడిదాకా వంగింది,
విదియ చంద్రుడంత వంపు.
నీటి కింద అది తల విదిల్చిన ప్రతిసారీ
మోచేతి మడతదాకా తెలిసింది,
సరిగ్గా ముళ్లున్న చోటికి.

తడిచేత్తో విప్పి వదిలాను.
నా కాళ్ల నీడలోనే కాసేపు నిలబడి
తరవాత పోయింది.
పిల్లవాడు తిట్టాడు. అర్థమైంది.

సోమవారం మేస్త్రి అడిగాడు, ఎంత పెద్దదని.
వేలు చూపించాను.
కర్ర తీసుకున్నాడు.
కొన పట్టుకుని మెల్లగా వంచాడు,
ఇంకా వంచాడు, నేను అబ్బా అనేదాకా.
వదిలాడు. అది ఊగి ఊగి తీరిగ్గా ఆగింది.
చాలాసేపు ఏమీ అనలేదు.

"ఏనుగు తొండం
ఇట్లా చుట్టి ఉండాల్సింది," అన్నాడు.