ఒత్తు

పర్లాకిమిడి మెయిన్ రోడ్డులో
మందుల షాపు మేడమెట్ల కింద నా డీటీపీ కొట్టు.
కుర్చీ ఒకటి, ప్రింటరు ఒకటి,
కరెంటు పోతే పాలకేడ్చే పిల్లలా గుక్కపట్టే యూపీఎస్ ఒకటి.

పెళ్లికార్డు పైభాగం తెలుగు.
కింద ఒడియా.
ఫోన్ నంబర్లు ఇంగ్లీషు.
మగపెళ్లివారిది పాతపట్నం, ఆడపెళ్లివారిది కాశీనగరం,
మధ్యలో నా ఎడమచేతి వేళ్లు.
ఆల్టూ షిఫ్టూ, ఆల్టూ షిఫ్టూ.
రోజుకి ఎన్నిసార్లో తెలుసుకుందామని ఒకనాడు గీతలు గీశాను,
ఆరువందలు దాటాక కాగితం అయిపోయింది.

బరంపురం నుంచి జోగేశు తెచ్చాడు దీన్ని.
"ఆటలాడేవోల్ల మౌసప్పా, పదకొండు మీటలు,
ఏ మీటకి ఏ పని సెప్తే అది సేస్తాది."
వెల్లకిలా పడ్డ నల్ల ఎండ్రకాయలా ఉంది.
వెయ్యీ నాలుగొందలు.
రెండు వాయిదాల్లో ఇస్తానన్నాను.

నేనడిగింది ఒక్కటే.
బొటనవేలి కింద మీట నొక్కితే తెలుగు ఒడియా కావాలి,
మళ్లీ నొక్కితే ఒడియా తెలుగు కావాలి,
వంటగదిలోంచి వసారాలోకి అడుగేసినట్టు.

సాఫ్ట్‌వేర్ తెరిచాను.
కాల్చు, అంది.
మూడుసార్లు కాల్చు, అంది.
తుపాకీలో గుళ్లు నింపు.
పాట ఆపు, పాట పెంచు.
దీపాలకి వేరే పేజీ: అల, వాన, ఇంద్రధనుస్సు, ఊపిరి.
ఊపిరి వేగం మార్చుకోవచ్చట, ఒకటి నుంచి ఐదు దాకా.
నాది అప్పటికే ఐదులో ఉంది.

ఆల్ట్ పెడతానంటే సరే.
షిఫ్ట్ పెడతానంటే సరే.
రెండూ కలిపితే మాత్రం
ఎర్రగీత, దాని కింద రెండు ముక్కల ఇంగ్లీషు:
కుదరదు.

ఏటి కుదరదు?
జోగేశు నన్ను అప్ప అంటాడు, ఒత్తు తీస్తే అప.
మా అయ్య అప్పన్న,
ఒత్తులు తీస్తే అపన. ఎవరాయన?
ఒత్తడమంటే నొక్కడమే కదా,
ఒకదాని కింద ఇంకోటి ఒదిగితేనే కదా మాకు మాట!
షట్టరు సగం దించుకుని, రాత్రి తొమ్మిదింటికి,
ఇదంతా మౌసుకి చెబుతున్నాను.

కరెంటు పోయింది, వచ్చింది.
దాచుకోమన్నవన్నీ మర్చిపోయింది మౌసు.
ఏడు రంగులూ మాత్రం గుర్తున్నాయి.

దామోదర మహారణా విజిటింగ్ కార్డులకి వచ్చాడు.
కొమ్ముపని ఆయనది.
గేదెకొమ్ముని నిప్పుల సెగకి మెత్తబరిచి
కొంగల్ని లాగుతాడు, దువ్వెనల్ని కోస్తాడు.
మౌసుని అటూ ఇటూ తిప్పి చూసి
"ఎవరి చెయ్యి కొలిచి చేశారమ్మా" అన్నాడు ఒడియాలో.
"ఎవరిదీ కాదు" అన్నాను తెలుగులో.
మేమెప్పుడూ అంతే, మా ఇద్దరికీ మీట అక్కర్లేదు.

కీబోర్డు మీద నా వేళ్లని కాసేపు చూశాడు.
అగ్గిపుల్ల పెట్టి కొలత తీసుకున్నాడు.
నాలుగోనాడు పొట్లం విప్పితే
చింతగింజ నునుపుతో వంకర కొమ్ముముక్క,
అడుగున రెండు కాళ్లు,
ఒకటి ఆల్ట్ మీదికి, ఒకటి షిఫ్ట్ మీదికి.
వేలు ఆనిస్తే రెండూ ఒక్కసారే కుంగాయి.
డబ్బులొద్దన్నాడు. కార్డుల బిల్లులో తగ్గించాను.

షిఫ్ట్ విడిగా కావాలంటే కుడివైపుదానితో సర్దుకుంటున్నాను.
వానొచ్చే ముందు కొమ్ముముక్క
కాలిన వెంట్రుకల వాసనేస్తుంది.
చెమటకి జారుతుంది కూడా.
పోయినవారం అలా జారినప్పుడే
పెళ్లికూతురు కుముదిని పేరులో
కుము ఒడియాలో పడి, దిని తెలుగులో ఉండిపోయింది.
మూడొందల కార్డులు.
వాళ్లింకా చూసుకున్నట్టు లేదు.
ఫోను మోగితే ముందు నంబరు చూస్తున్నాను.

జోగేశుకి రెండో వాయిదా ఇవ్వలేదు.
మౌసు నా కుడిచేతి కింద ఊపిరి తీస్తోంది,
పచ్చగా, ఊదాగా, మళ్లీ పచ్చగా.
వేగం ఒకటిలో పెట్టాను.
బొటనవేలి కింద మీట
ఇప్పటికీ కాల్చమనే అంటోంది.