ఖాళీ కాటా

చీమకుర్తి దాటాక, క్వారీ గుంత అంచున
ఇరవై ఏళ్ల నాటి వేబ్రిడ్జి.
ఆఫీసు దాకా నాలుగుసార్లు వైరు లాగితే
నాలుగుసార్లూ టిప్పర్లు తెంపేశాయట.
అందుకని నన్ను పిలిచారు,
అరచేతంత డబ్బాలు రెండు పట్టుకొచ్చి
గాలిలోంచి తూకం పంపమని.

కాటా గదిలో మాలకొండయ్య.
ఎర్రసిరా గీతల రిజిస్టరు,
చెవి మీద పెన్ను,
కనుబొమల మీద గ్రానైట్ పిండి.
"వైరు లేకుండా ఎట్టా పోద్దమ్మాయ్ బరువు?"
"బరువు పోదు బాబాయ్, అంకె పోద్ది."
"అయితే బరువుండేది ఈడేగా" అన్నాడు
టీ గ్లాసు నా వైపు జరుపుతూ.

ఇండికేటర్ వీపున తొమ్మిది సూదుల సాకెట్.
పనికొచ్చేవి మూడే:
చెప్పేది ఒకటి, వినేది ఒకటి,
ఇద్దరూ నిలబడే నేల ఒకటి.
దీని నోరు దాని చెవికి కలపాలి.
నేనేమో హడావిడిలో
నోటికి నోరు, చెవికి చెవి కట్టాను.
గంటసేపు ఒక్క అక్షరం పలకలేదు.

ఏసోబు స్తంభమెక్కి యాంటెన్నా బిగించాడు.
ఆఫీసు గుంతకి ఆవలి గట్టున.
మధ్యలో క్రేను
రాయెత్తినప్పుడల్లా సిగ్నల్ కొడిగట్టి
దించగానే లేస్తోంది.
"ఇంకో జానెడు పైకి" అని నేను,
"పైన ఆకాశమే ఉండాది మేడమ్" అని వాడు.
చివరికి స్తంభం నెత్తిన
బోరు పైపు ముక్కొకటి నిలబెట్టాం.

ఒక డబ్బా అంతకుముందు
ఏదో రొయ్యల ఫ్యాక్టరీలో చేసొచ్చింది.
అక్కడ పెట్టిన పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు.
పక్కన చిన్న బెజ్జం.
చున్నీ పిన్నీసు తీసి
పది లెక్కపెట్టేదాకా నొక్కిపట్టాను.
దీపాలన్నీ ఆరి, ఒకటి పచ్చగా లేచింది,
పుట్టినప్పటి పేరుతో, పుట్టినప్పటి తాళంతో.
కొత్త చిరునామా ఇచ్చాను, చివర యాభై.
ఆ యాభైలో అప్పటికే
ఆఫీసు ప్రింటరు కాపురముందని
అది సగం పేజీలో ఆగిపోయాక తెలిసింది.
యాభై ఒకటి.

అప్పుడు నోరు విప్పింది కాటా.
తెర నిండా చుక్కలు, ప్రశ్నార్థకాలు,
విరిగిన పెట్టెలు.
"దయ్యం పట్టిందా దానికి?"
లేదు బాబాయ్,
నేను తొమ్మిదివేల ఆరువందల వేగంతో వింటున్నా,
అది పన్నెండువందలతో చెబుతోంది.
"పాతకాలపుది. మెల్లిగానే చెప్పుద్ది,
చెప్పింది తప్పదు."
వేగం తగ్గించాను. ఏడు బిట్లు, సరి పారిటీ.
పెట్టెలన్నీ ఒక్క తడవలో అంకెలయ్యాయి.
ముప్పై ఎనిమిదివేల రెండువందల అరవై.
గుంత ఆవలి నుంచి ఫోను:
"వచ్చింది, వచ్చింది!"

లారీ దిగిపోయింది.
ఖాళీ కాటా మీద నలభై.
ఆఫీసులోనూ నలభై.
కేబుల్ ఊపి చూశాను.
డబ్బా ఆపి, మళ్లీ వేసి చూశాను.
మాన్యువల్ మొదటి నుంచి తిరగేశాను,
ఆ నలభై ఏ పేజీలోనూ లేదు.

మాలకొండయ్య పెన్ను రిజిస్టర్లో పెట్టి
తలుపు వెనక నుంచి ఈతచీపురు తీసుకున్నాడు.
పొద్దుటి వానకి టైర్లు వదిలిపోయిన బురద,
తడిసి అట్టకట్టిన రాతిపొడి,
ప్లేటు సందులో ఇరుక్కున్న
బంగారు చుక్కల నల్లపెచ్చు,
వంగి వంగి ఊడుస్తున్నాడు.

ఫోను: "ఇప్పుడు వంద చూపిస్తోందేంది?"
"ఉండండి సార్."
తొంభై.
ఎనభై.
సందు కాడ చాలాసేపు డెబ్బై.
"అరవై కాడ ఆగింది మేడమ్, ఏం లోడది?"
"మాలకొండయ్య" అన్నాను.

చీపురు దులుపుకుని
ఆయన నేల మీదికి దిగాడు.
తెర మీద సున్నా,
పన్నెండువందల వేగంతో, నింపాదిగా.