గోడ మందం

పావ్లొదార్ యార్డులో మైనస్ ముప్పై ఒకటి.
గొట్టాల నోళ్లలో గాలి ఏదో గొణుగుతోంది.
బయాన్‌గుల్ టోపీ చెవి పైకి మడిచి
ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి వింటుంది,
కుండ కొనేవాళ్లలా.

"అన్నీ ఒకటే ఉక్కు, చవకవి తీసుకుందాం"
అంటాడు సెరిక్‌బోల్, చేతిలో ధరల కాగితం.
ఆమె కాలిపర్ పెట్టి చూపిస్తుంది:
ఆరు మిల్లీమీటర్లని రాసినచోట
అయిదుంబావు.
"ఆ ముప్పావు ఎవరు తిన్నారు?"

అతుకున్నవి నీళ్లకి చాలు.
ఆవిరికి అతుకు లేనిదే కావాలి.
కర్బనం ఎక్కువైతే గట్టిదే,
గట్టిదే చలికి గాజులా పగిలేది.
ఆ సంగతి ఆమె ఎడమ చెవి వెనక
మెరిసే చర్మానికి తెలుసు.
అతను అడగడు.

పన్నెండు గొట్టాల మీద సుద్దగీత.
పదమూడోదాన్ని మళ్లీ తట్టింది.
ఇంకోసారి.
సెరిక్‌బోల్ కూడా, ఎందుకో,
టోపీ చెవి పైకెత్తాడు.