అరంగుళం

ద్వారపూడిలో బట్టల కొట్ల వరసకి వెనక
మేడమెట్ల కింద గది నాది.
ఉత్తరం వైపు ఒకటే కిటికీ.
ఎండ రాదు, వెలుతురు వస్తుంది.
నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టడానికి
ఇంతకన్నా మంచి గది లేదని నా లెక్క.

కడియపులంకలో అంట్లు కట్టే నూకరత్నం
రెండు జాకెట్ల కుట్టుకూలికి
యాభై తక్కువిచ్చి,
తడి చేతిరుమాల్లోంచి ఒక ఆకు తీసి
కొలతల పుస్తకం మీద పెట్టింది.
"బిగోని, అక్కా. పువ్వు కోసం చూడకు.
దీనికి ఆకే పువ్వు."

నడుమ వంకాయ రంగు, చుట్టూ వెండి,
అంచున ఎర్రటి నూగు.
ఏ మగ్గం మీంచి దిగిందోనని తిరగేశాను:
లైనింగు కూడా ఎరుపే.

అలవాటు కొద్దీ నడిమి ఈనె మీదుగా మడిచాను.
సగానికి సగం కలవలేదు.
ఒక పక్క పెద్ద, ఒక పక్క చిన్న,
కత్తెర పట్టడం రాని పిల్ల కోసినట్టు.
"పాడైన ముక్క ఇచ్చావా?"
"అన్నీ అంతే," అంది.

"వెనక ఈనెల మీద బ్లేడుతో గాట్లు పెట్టు.
తడి ఇసక మీద వెల్లకిలా పరిచి
గుండుసూదులు గుచ్చు, నీ దగ్గర లేనివా?
గాటు పడ్డ చోటే మొలుస్తాయి."
చెప్పి, పాసింజరు వేళైందని పరిగెత్తింది.

మూడు మొలిచాయి.
మొదటిదాన్ని నేనే చంపాను.
కాలవ వదిలితేనే పండగైన చోట పుట్టినదాన్ని,
నీళ్ళు పొయ్యకపోవడం నాకెవరు నేర్పారు?
పొద్దున ఒక చెంబు, మాపటికి ఒక చెంబు.
కాడలు జావలా దిగిపోయాయి.
వేరు వేళ్ళ మధ్య నలిగి
మూడునాళ్ళ తరవాణి వాసన కొట్టింది.

మిగతావాటికి
మట్టిలో వేలు పెట్టి అడగడం నేర్చుకున్నాను:
దాహమా?
చాలాసార్లు లేదనే అంటాయి.

కార్తీకం మంచుకి ఆకుల మీద తెల్లటి మరకలు.
నా సుద్దే అనుకుని తుడిచేదాన్ని.
మర్నాడు మళ్ళీ అక్కడే.
బూజు.
నాలుగాకులు కత్తిరించి పారేసి,
గాలాడేలా కుండీలు ఎడం చేశాను.

రోహిణి కార్తెకి అంచులు మాడి
ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిన చీరలయ్యాయి.
కొబ్బరిపీచు తడిపి చుట్టూ పరిచాను.
మిషన్ని మూడడుగులు జరిపాను,
ఇస్త్రీ బల్లని ఏకంగా గుమ్మం బయటికి.
"అద్దె ఎవరు కడుతున్నారే, నువ్వా, అవా?"
అని మా చెల్లెలు.

ముప్పై ఏళ్ళుగా కొలుస్తున్నాను,
ఏ మనిషికీ రెండు భుజాలూ ఒక్కటి కావు.
బిందె మోసిన వైపు,
చంటిదాన్ని ఎత్తుకున్న వైపు
కాస్త దిగుతుంది.
మేం పైకి చెప్పం. దిగిన వైపు లోపల
అరంగుళం గుడ్డ దాచి కుడతాం.
అద్దంలో ఆవిడ సరిగ్గా ఉంటుంది,
"నీ చెయ్యి మంచిది" అని వెళ్ళిపోతుంది.

నూకరత్నానిది ఎడమ భుజం.
ఇరవై ఏళ్ళ మట్టి తట్టలు.
అరంగుళం చాలలేదు, ముప్పావు పెట్టాను.
పెట్టానని చెప్పలేదు.

నిన్న కొత్త గుడ్డ తెచ్చింది,
చిలకాకుపచ్చ.
"అక్కా, ఈసారి ఎడమ వైపు
ఆ మెత్త పెట్టకు. ఉక్కపోస్తోంది."

టేపు మెడలో వేసుకుని నిలబడిపోయాను.
ఇన్నాళ్ళూ తెలిసే తొడుక్కుందన్నమాట.
పుస్తకం తెరిచి
భుజం అన్న చోట
మొదటిసారి రెండు అంకెలు రాశాను.

తను అప్పటికే కిటికీ కింద వంగి ఉంది.
మొన్న నేను గాట్లు పెట్టిన ఆకు పక్కన
ఇసకలోంచి ఒకటి లేచింది,
చొక్కా గుండీ అంత,
అప్పుడే ఒక పక్కకి ఒరిగి.

బాకీ యాభై మిషన్ మీద పెట్టి,
గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి
"నీళ్ళు మాత్రం పొయ్యకే," అంది.